తిత్లీ తుఫాను వెళ్ళి ఆరు రోజులైంది. పక్క ఊళ్ళో లైట్లు వెలుగుతున్నాయి, మా ఊరు ఇంకా చీకట్లోనే ఉంది. ఎందుకిలా?

ఉద్దానం_కుర్రాడు
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని వజ్రపుకొత్తూరు మండలం. నేను బెంగళూరులో ఉంటాను, అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉంటారు. తిత్లీ 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తీరం దాటింది, ఇవాళ 16. ఇంతవరకూ మా ఊళ్ళో ఒక్క బల్బు వెలగలేదు. నిన్న అమ్మ పక్క ఊరికి నడిచి వెళ్ళి అక్కడి నుంచి ఫోన్ చేసింది. రెండూళ్ళకీ మధ్య ఒక గెడ్డ (వాగు), ఒక కొబ్బరితోట, అంతే దూరం. వాళ్ళకి ఆదివారం సాయంత్రమే కరెంటు వచ్చేసిందట. మా మేడ మీదకెక్కితే వాళ్ళ వీధి లైట్లు కనిపిస్తున్నాయట. ఫోన్ ఛార్జింగ్‌కి అక్కడి బడ్డీకొట్టులో పది రూపాయలు తీసుకుంటున్నారు, రెండు గంటలు కూర్చోవాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆ దారంతా చెట్లు పడి ఉన్నాయి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే "వస్తుంది బాబూ, లైను చూస్తున్నారు" అని మూడు రోజులుగా ఒకటే మాట. పక్క ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయన మాట చెల్లింది, మనకెవరూ లేరు, అందుకే రాలేదు అంటున్నారు ఊళ్ళో. నిజమేనా? లైన్ల సంగతి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. కోపం మీద రాస్తున్నాను, మాట తూలితే ఏమనుకోకండి.

కొబ్బరాకు
మాది కవిటి వైపు. మాకూ లేదు. మా ఇంట్లో కరెంటు గురించి అడిగేవాళ్ళు కూడా లేరు, నాన్న పొద్దున లేచి తోటలోకి వెళ్ళి పడిపోయిన చెట్ల మధ్య కూర్చుని సాయంత్రం వస్తున్నాడు.

జీడితోట72
పలుకుబడే తమ్ముడూ, ఇంకేముంది. మాకు 2013లో పైలిన్ తుఫాను అప్పుడూ ఇదే జరిగింది. రోడ్డు పక్క ఊళ్ళకి నాలుగు రోజుల్లో ఇచ్చారు, లోపలి ఊళ్ళని మర్చిపోయారు. కాళ్ళరిగేలా తిరిగాక వచ్చారు.

లైన్_క్లియర్
లైన్‌మన్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం ఈ జిల్లాలోనే. పలుకుబడి అసలు పనిచేయదని నేననను, చూశాను కాబట్టి. కానీ నూటికి తొంభై చోట్ల కారణం అది కాదు.

కరెంటు ఊళ్ళ వరసలో రాదు బాబూ, లైను వరసలో వస్తుంది. పెద్ద సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ (33 వేల వోల్టుల) లైను మీ దగ్గరి చిన్న సబ్‌స్టేషన్‌కి వస్తుంది. అక్కడ 11 కేవీగా మారి మూడో నాలుగో ఫీడర్లుగా, అంటే ఊళ్ళకి కరెంటు మోసుకెళ్ళే లైన్లుగా, విడిపోతుంది. ఒక్కో ఫీడరు పది పన్నెండు ఊళ్ళ మీదుగా పొలాలకి అడ్డంపడి పోతుంది. మీ పక్క ఊరు నేల మీద పక్కనే ఉంది, లైను మీద పక్కన ఉండకపోవచ్చు. వాళ్ళు వేరే ఫీడరు మీద ఉండొచ్చు. లేదా ఒకే ఫీడరైనా వాళ్ళు లైనుని మధ్యలో విడదీసే ఏబీ స్విచ్‌కి ఇటు, మీరు అటు ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ స్విచ్ తెరిచిపెట్టి ఇటువైపు బాగుచేసినంతవరకూ ఛార్జ్ చేస్తారు, అంటే కరెంటు వదులుతారు, అటు పని నడుస్తూ ఉంటుంది. అందరికీ పూర్తయ్యాకే ఇద్దాం అంటే ఎవరికీ రాదు కదా.

ఇంకోటి. ముందు 132 కేవీ టవర్లు, తర్వాత 33, తర్వాత 11, తర్వాత ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను, చివర ఇంటికొచ్చే సర్వీసు వైరు. పైది నిలబడకుండా కిందది ఎంత బాగుచేసినా అందులో కరెంటు ఉండదు. మీ ఊళ్ళో ఎవరూ కనిపించకపోతే పని జరగట్లేదని కాదు, మీకు కనపడని చోట జరుగుతూ ఉండొచ్చు.

మీ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదో స్తంభం మీదో పెయింటుతో ఫీడరు పేరు, ఒక నంబరు రాసి ఉంటాయి. అవి అమ్మగారిని చూసి చెప్పమనండి. "మా ఊరికి కరెంటు లేదు" అంటే అవతల ఆపరేటరుకి ఏమీ తెలియదు, ఆ నంబరు చెబితే తెలుస్తుంది.

ఉద్దానం_కుర్రాడు
ఈ మాట సబ్‌స్టేషన్‌లో ఎవరైనా ఒక్క నిమిషం చెప్పి ఉంటే నేనీ పోస్టు పెట్టేవాణ్ణే కాదు గురువుగారూ. అమ్మని చూడమంటాను.

జీడితోట72
లైన్_క్లియర్ గారూ, మీరు డిపార్టుమెంటు మనిషి కాబట్టి వెనకేసుకొస్తున్నారు. ఆరు రోజులండీ. స్తంభం ఎత్తి నిలబెట్టడానికి ఆరు రోజులా?

లైన్_క్లియర్
ఒక్క స్తంభమైతే రెండు గంటల పని. ఇది ఒక్కటి కాదు. సిమెంటు స్తంభం ఎలా పడుతుందో చూశారా ఎప్పుడైనా? గాలికి నేరుగా పడేవి తక్కువ. కొబ్బరిచెట్టు వైరు మీద పడుతుంది, వైరు తెగదు, లాగుతుంది. ఈ స్తంభం మొదట్లో విరుగుతుంది, దాని బరువు పక్క స్తంభాన్ని లాగుతుంది, అది ఇంకోదాన్ని. స్తంభాన్ని నేలకి లాగి కట్టే స్టే వైరు గట్టిగా ఉన్న చోటుదాకా గొలుసులా పోతాయి. ఉద్దానంలో లైనంతా తోటల్లోంచే పోతుంది, మరి ఎన్ని పడి ఉంటాయో మీరే ఊహించుకోండి. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా ఉందని వాతావరణ శాఖే చెప్పింది.

ఇప్పుడు నిలబెట్టడం. ఐదడుగుల గొయ్యి తీయాలి. మన ఉద్దానం నేల ఇసుక, మూడడుగులు తవ్వేసరికి పక్కలు జారి పూడిపోతాయి, వరిపొలమైతే నీళ్ళు ఊరతాయి. క్రేను రోడ్డు పక్కకే వస్తుంది. పొలం మధ్యకి స్తంభాన్ని మనుషులే మోయాలి, పది పన్నెండు మంది తాళ్ళు కట్టి గెడల మీద మోసుకుంటూ గట్టు మీద ఒక్కో అడుగు వేస్తూ పోతారు. ఒకడి కాలు జారితే అందరి మీదా పడుతుంది. తర్వాత వైర్లని మోసే అడ్డకమ్మీ, అదే క్రాస్ ఆర్ము, ఇన్సులేటర్లు, వైరు లాగడం, బిగించడం. అంతా అయ్యాక లైను ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూడాలి. కొమ్మ ఆనుకుని ఉందా, ఇన్సులేటరు పగిలిందా, మన మనుషులందరూ కిందికి దిగారా, లైనుని నేలకి కలిపే ఎర్త్ గొలుసులు తీశారా. అప్పుడు ఎల్‌సీ (లైను ఆపి పనిచేయడానికి తీసుకున్న అనుమతి) వాపసు ఇస్తే ఆపరేటరు బ్రేకరు వేస్తాడు. నిలబడితే సరే. ట్రిప్ అయితే, అంటే బ్రేకరు తనంతట పడిపోతే, మళ్ళీ మొదటి నుంచి నడక.

వెనకేసుకు రావడం కాదు జీడితోట గారూ, ఆ గట్ల మీద నేను నడిచాను.

బెంగళూరు_బావ
మూడు నిమిషాలు చదివాను, చదువుతున్నంతసేపూ నా భుజం నొప్పెట్టినట్టు అనిపించింది.

కొబ్బరాకు
తిత్లీ అంటే సీతాకోకచిలుక అంట. పాకిస్తాన్ పెట్టిన పేరని పేపర్లో వేశారు. మా చిన్నది అడుగుతోంది, సీతాకోకచిలుక ఇంత పని చేస్తుందా నాన్నా అని.

సోంపేట_మాస్టారు
1999 అక్టోబరు తుఫాను, 2013 అక్టోబరులో పైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, ఇప్పుడిది. దసరా, దీపావళి రోజుల్లో మనకి ఇదొక పండగలా తయారైంది. జీడితోట గారి బాధ నాకు తెలుసు, లోపలి ఊళ్ళు వెనకబడటం నిజమే. అయితే మా ఊళ్ళో ఈసారి ఒక పని చేశాం, చెబుతాను. మూడో రోజు వరకూ మేమూ అందరిలాగే ఎదురుచూశాం. నాలుగో రోజు కుర్రాళ్ళు ఇరవై మందిని పోగుచేసి మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి వెనక్కి, అంటే సబ్‌స్టేషన్ వైపు, లైను వెంబడి నడిపించాను. ఎక్కడెక్కడ స్తంభం పడింది, ఎక్కడ విరిగింది, ఎక్కడ ఒరిగింది, ఎక్కడ చెట్టు ఉంది, అన్నీ ఒక నోటు పుస్తకంలో వరసగా రాశాం. 23 స్తంభాలు పడ్డాయి, 9 ఒరిగాయి. ఆ కాగితం ఫోటో తీసి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి పంపాం. ఆయన వెంటనే ఫోన్ చేసి, మాస్టారూ ఇలా ప్రతి ఊరూ పంపితే నాకు సగం పని తగ్గుతుంది అన్నారు. తర్వాత లైను కింద పడిన చెట్లన్నీ కోసి తీశాం. లైను పనిచేసే గ్యాంగ్ వచ్చేసరికి దారి శుభ్రంగా ఉంది. నిన్న రాత్రి మా ఊరికి వచ్చింది.

లైన్_క్లియర్
మాస్టారూ, మీలాంటి ఊరు దొరికితే లైన్‌మన్ అదృష్టవంతుడు. ఒక్కటే అడుగుతాను, చెట్లు కోసే ముందు లైను డెడ్‌లో, అంటే కరెంటు లేకుండా, ఉందని సబ్‌స్టేషన్‌లో అడిగి తెలుసుకున్నారా?

సోంపేట_మాస్టారు
అడిగాం. ఆపరేటరు మాట ఇచ్చాకే రంపం పట్టాం. వైర్లని ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పాను.

నైట్_డ్యూటీ
నేను లైన్ల పనికి గోదావరి వైపు నుంచి వచ్చిన బ్యాచ్‌లో ఉన్నాను. ఇప్పుడు ఒక స్కూలు వరండాలో పడుకుని రాస్తున్నా, జనరేటరు ఉంది కాబట్టి ఫోను బతికింది. ఐదు రోజులుగా ఇవే బట్టలు. మాకు ఈ లైన్లు కొత్త. ఏ స్తంభం నుంచి ఏ ఊరికి పోతుందో ఇక్కడి లైన్‌మన్‌కి తప్ప తెలియదు, ఆయన ఒక్కడు, మా గ్యాంగులు ఐదు. మొన్న ఒక తోటలో రెండు గంటలు లైను ఎటు పోయిందో వెతుక్కున్నాం, చెట్లు పడి అంతా ఒకేలా ఉంది. ఒక తాత వచ్చి చూపించాడు, ఆయన చిన్నప్పుడు ఆ లైను వేస్తుంటే గోతులు తవ్వాడట. ప్రతి ఊరి నుంచి అలా తెలిసిన మనిషిని ఒక్కణ్ణి మాతో పంపండి చాలు.

ఇంకో మాట, ఇక్కడివాళ్ళు అన్నం పెడుతున్నారు. ఇంటి పైకప్పు లేచిపోయిన ఇంట్లో వండి తెచ్చి పెట్టారు. చింతపండు పులుసు, వేడి అన్నం. తింటుంటే గొంతు దిగలేదు.

తీరం_రమణి
అన్నయ్యా, మీ ఇంట్లోవాళ్ళు ఎంత టెన్షన్ పడుతుంటారో. జాగ్రత్త.

రొయ్య_రైతు
అందరూ బల్బు గురించి మాట్లాడుతున్నారు. మాకు కరెంటు అంటే ఏరేటర్లు. చెరువులో చక్రాలు తిరగకపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలి నోరు తెరుస్తుంది. నేను రెండు రాత్రులు డీజిల్ జనరేటర్‌తో నెట్టుకొచ్చాను, మూడో రాత్రి డీజిల్ దొరకలేదు. పొద్దున గట్టంతా ఎర్రగా కొట్టుకొచ్చింది, డెబ్భై రోజుల పంట. మాకు వ్యవసాయం వరస కాదు, ఇళ్ళ వరసా కాదు, అన్నిటికన్నా చివర పెడతారు. చివర పెట్టడం సరే, ఏ రోజు వస్తుందో చెబితే ముందే పట్టుబడి చేసి అమ్ముకునేవాణ్ణి. "రేపు, రేపు" అన్న మాటకి మోసపోయాను.

ఉద్దానం_కుర్రాడు
మీ నష్టం ముందు మా చీకటి ఏపాటిదన్నా. కానీ మీరన్న ఆ ఒక్క మాట నాదీ, ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పరు. పదో రోజు అని చెబితే పదో రోజుకి సర్దుకుంటాం కదా.

తీరం_రమణి
మా మామయ్యకి డయాలసిస్. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉందా చెప్పండి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తుఫాను రోజు గురువారం ఆయన వంతు, దారుల్లేక వెళ్ళలేకపోయాం. శుక్రవారం ముఖం, కాళ్ళు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరి ఆడలేదు. మా మరిది, ఇంకో ఇద్దరు మంచం మీద మోసుకుంటూ పడిన చెట్ల కిందుగా, మీదుగా రోడ్డుదాకా తీసుకొచ్చారు. ఆసుపత్రి జనరేటర్ మీద నడుస్తోంది, సిస్టర్లు రాత్రంతా నిలబడి ఒకరి తర్వాత ఒకరికి చేశారు. వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి.

కరెంటు ఎవరికి ముందివ్వాలి అంటే నా మటుకు ఆసుపత్రి, తాగునీళ్ళు, తర్వాతే ఎవరైనా. మా ఊళ్ళో శుద్ధి చేసిన నీళ్ళ ప్లాంటు ఆగిపోతే జనం మళ్ళీ బోరు నీళ్ళే తాగుతున్నారు. ఏ నీళ్ళని మానుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందో మళ్ళీ ఆ నీళ్ళే.

కొబ్బరాకు
అక్కా, మీ మామయ్య ఇప్పుడెలా ఉన్నారు?

తీరం_రమణి
నిన్న రెండోసారి అయింది. లేచి కూర్చుని టీ అడిగారు.

హుద్‌హుద్_సాక్షి
నాది విశాఖ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా మీద పడ్డప్పుడు నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది, పల్లెల సంగతి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి ఇక్కడ భూగర్భ కేబుళ్ళు వేయించే పని మొదలుపెట్టారు. మీ ఉద్దానానికీ అదే అడగండి. ప్రతిసారి స్తంభం పాతడం, ప్రతిసారి పడటం ఏమిటి?

లైన్_క్లియర్
సాక్షి గారూ, నగరంలో కిలోమీటరు కేబులు మీద వందల ఇళ్ళు ఉంటాయి. ఇక్కడ కిలోమీటరుకి ఒక తోట, రెండు బోర్లు. పై లైనుకన్నా ఎన్నో రెట్లు ఖర్చు. పైగా భూమిలో కేబులు పాడైతే ఎక్కడ పాడైందో కనిపెట్టే వ్యాను కావాలి, అది రావాలి, తవ్వాలి. పై లైనైతే కంటికి కనిపిస్తుంది. మొత్తం కాకపోయినా ఆసుపత్రికి, నీళ్ళ స్కీముకి వెళ్ళే లైను వరకు భూమిలో వేస్తే బాగుంటుంది, అది నేనూ ఒప్పుకుంటా. మిగతాచోట స్తంభాల మధ్య దూరం తగ్గించి, స్టేలు ఎక్కువ వేసి, గొయ్యిలో కాంక్రీటు పోసి పాతాలి. లైను కింద కొబ్బరిచెట్లు లేకుండా చూడాలి.

కొబ్బరాకు
ఆ చివరి మాట మాత్రం నేనొప్పుకోను. మా తాత తోట వేసినప్పుడు అక్కడ లైను లేదు. మా తోటలోంచి లైను లాగినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, పైసా ఇవ్వలేదు. ఇప్పుడు చెట్టుదే తప్పా? కొబ్బరిచెట్టు అంటే మాకు నెలనెలా జీతం. ఇప్పుడున్నవన్నీ పడిపోయాయి, మళ్ళీ మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. లైనునే తోటల అంచున రోడ్డు వెంబడి తిప్పి వేయండి.

లైన్_క్లియర్
నువ్వన్నది న్యాయమే కొబ్బరాకు. తప్పు చెట్టుదని నేననలేదు, అలా వినిపించి ఉంటే నా మాటల్లో లోపం. నిజానికి ఇప్పుడే దానికి సమయం. అన్నీ కొత్తగా పాతుతున్నారు కదా, పాత గోతుల్లోనే పాతకుండా రోడ్డు పక్కకి మార్చమని అడగండి. వైరు కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ రేపు క్రేను దగ్గరికే వస్తుంది. తొందరలో పాతచోటే పాతేస్తే ఇంకో ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉంటుంది.

నైట్_డ్యూటీ
అడిగితే మార్చే అధికారం గ్యాంగుకి ఉండదు, ఏఈ, ఆయన పై ఇంజనీరు ఏడీఈ స్థాయిలో అడగాలి. మాకు ఇవాళ్టి లెక్క ఎన్ని స్తంభాలు నిలబెట్టామన్నదే. ముఖ్యమంత్రి చంద్రబాబు గారు పలాసలోనే మకాం వేశారు, కాబట్టి సాయంత్రానికల్లా లెక్క చెప్పాలి. ఒత్తిడి వల్ల పని కదిలింది, అది నిజం. రాత్రి పదింటికి సెల్‌ఫోన్ లైటుతో స్తంభం ఎక్కించారు, అదీ నిజం.

జీడితోట72
మా దగ్గర ఇంకో బాగోతం. స్తంభాలు రోడ్డు మీద దించేసి, లోపలికి ట్రాక్టరు కిరాయి మీరే పెట్టుకోండి అన్నాడు కాంట్రాక్టు మనిషి. ఇంటికి 200 చొప్పున వేసుకున్నాం. ఇల్లు కూలినవాడు కూడా ఇచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

సోంపేట_మాస్టారు
ఇవ్వకుండా ఉండాల్సింది. చెమట ఇవ్వొచ్చు, డబ్బు ఇవ్వకూడదు. ఒక ఊరు ఇస్తే పక్క ఊరిని కూడా అడుగుతారు, ఇవ్వలేని ఊరు చివరికి పోతుంది.

జీడితోట72
మాస్టారూ, చీకట్లో ఏడు రాత్రులు పసిపిల్లలతో కూర్చుంటే మీరూ ఇచ్చేవారు.

సోంపేట_మాస్టారు
కావచ్చు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఎవరికి, ఏ రోజు, ఎంత ఇచ్చారో మాత్రం రాసి పెట్టుకోండి. నెట్‌వర్క్ కుదిరాక కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మెటీరియల్ మోయించుకోవాల్సింది వాళ్ళే.

ఉద్దానం_కుర్రాడు
అమ్మ నంబరు చూసి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద నుంచి పక్కకి ఒరిగి ఉందట, నూనె కారి గడ్డంతా నల్లగా అయిందట. అట్ట మీద నంబరు రాసుకుని, ఫోన్‌లో ఒక్కో అంకె చదివి చెప్పింది. సబ్‌స్టేషన్‌కి చేసి అదే చెప్పాను. ఆపరేటరు గొంతే మారిపోయింది! మాది, పక్క ఊరిది నిజంగానే వేరే ఫీడర్లట. మా ఫీడరు మీద గెడ్డ దాటే చోట వరసగా 14 స్తంభాలు పోయాయట, గెడ్డలో నీళ్ళు తగ్గేదాకా అటు వెళ్ళలేకపోయారట. ఇవాళే దిగారట. ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారిన సంగతి మాత్రం వాళ్ళకి తెలియదు. "మంచిపని చేశారు, లేకపోతే లైను తెచ్చాక ఇంకో రెండు రోజులు పోయేది, వేరేది పెట్టి ఉంచుతాం" అన్నాడు.

లైన్_క్లియర్
చూశావా. మీ అమ్మగారి నడక రెండు రోజులు మిగిల్చింది.

బెంగళూరు_బావ
పక్క ఊరి పెద్దమనిషి పాపం, ఏమీ చేయకుండానే ఇంత పేరు తెచ్చుకున్నాడు.

హుద్‌హుద్_సాక్షి
ఒక హెచ్చరిక. ఊళ్ళలో అద్దె జనరేటర్లు తిప్పుతున్నారు కదా. కొందరు జనరేటరు వైరు తెచ్చి ఇంట్లో ప్లగ్గులో గుచ్చేస్తున్నారు, మెయిన్ ఆపకుండా. హుద్‌హుద్ అప్పుడు మా వీధిలో అలా చేశారు, అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

లైన్_క్లియర్
దీనికి అందరూ ఒక్క క్షణం ఆగి చదవండి. ఇంట్లో 230 వోల్టులు మెయిన్ దాటి బయటికొస్తే సర్వీసు వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తిరగబడి పనిచేస్తుంది, అటువైపు 11 వేల వోల్టులు అవుతుంది. నాలుగు కిలోమీటర్ల అవతల స్తంభం మీద మన నైట్_డ్యూటీ లాంటి కుర్రాడు డెడ్ లైను అనుకుని వైరు పట్టుకుని ఉంటాడు. అందుకే మేం పనిచేసే చోట రెండువైపులా ఎర్త్ వేస్తాం, కానీ తొందరలో ఒకవైపు వేసి ఎక్కిన రోజులు ఉన్నాయి. నా పక్కన పనిచేసినవాడు ఒకడు ఇలాగే పోయాడు. వాడి చెప్పులు స్తంభం మొదట్లో అలాగే ఉన్నాయి, జతగా, పక్కపక్కన పెట్టి ఎక్కాడు.

మెయిన్ ఆపండి, ఆపి ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. అప్పుడు జనరేటరు తిప్పండి.

నైట్_డ్యూటీ
గురువుగారూ, ఇది చదివి మా గ్యాంగులో అందరికీ వినిపించాను. రేపటి నుంచి రెండువైపులా వేయకుండా ఎవరినీ ఎక్కనివ్వను.

రొయ్య_రైతు
నా జనరేటరు చెరువు మోటార్లకే నేరుగా ఉంది, ఇంటికి కలపలేదు. అయినా పొద్దున వెళ్ళి మళ్ళీ చూసుకుంటాను.

జీడితోట72
నిన్న రాత్రి మాకు వచ్చింది. వచ్చిన పది నిమిషాలకి మా ఇంట్లో టీవీ, ఫ్రిజ్, పక్కింట్లో రెండు ఫ్యాన్లు కాలిపోయాయి. బల్బు పున్నమి చంద్రుడిలా వెలిగి ఠపీమంది. ఏమిటిది?

లైన్_క్లియర్
న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే నాలుగో వైరు) తెగి ఉంటుంది. మూడు ఫేజుల వైర్లూ కట్టారు, న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉంది. అప్పుడు ఒక ఇంటికి 230 బదులు 400 దాకా పోతుంది, ఇంకో ఇంట్లో గుడ్డి దీపంలా వెలుగుతుంది. తుఫాను తర్వాత కొత్తగా కట్టిన ఎల్‌టీ లైన్లలో ఇది మామూలే. వెంటనే ఊళ్ళో అందరి చేత మెయిన్లు ఆపించి లైన్‌మన్‌కి చెప్పండి. ఇంకా రానివాళ్ళు వినండి, కరెంటు రాగానే సంబరంగా అన్నీ వేసేయకండి. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు ఇప్పుడే పీకి ఉంచండి. ముందు ఒక్క పాత బల్బు వేసి పావుగంట చూడండి. అది నిలకడగా ఉంటే ఫ్యాను, తర్వాత మిగతావి. గోడలు తడిసి స్విచ్‌బోర్డు తేమగా ఉంటే అసలు ముట్టుకోవద్దు.

కొబ్బరాకు
సముద్రం పక్క ఊళ్ళలో ఇంకో తిప్పలు. లైను నిలబెట్టారు, ఛార్జ్ చేశారు, సాయంత్రం మంచు పడగానే ఇన్సులేటర్ల దగ్గర చిటపటమని నిప్పులు, ట్రిప్. పొద్దున ఎండకి మళ్ళీ నిలబడుతుంది.

నైట్_డ్యూటీ
ఉప్పు. గాలికి సముద్రపు తుంపర వచ్చి ఇన్సులేటర్ల మీద పేరుకుంది. తడి తగలగానే కరెంటు దాని మీదుగా పాకుతుంది. మేం లైను ఆపి ఒక్కో స్తంభం ఎక్కి తడిగుడ్డతో తుడుస్తున్నాం. గుడ్డ నాలిక మీద పెడితే ఉప్పగా ఉంది, నిజంగా. గట్టి వాన ఒక్కటి పడితే కడిగేస్తుంది, కానీ ఇంకో వాన రావాలని ఇక్కడ ఎవరిముందూ అనలేను.

ఉద్దానం_కుర్రాడు
దసరా కూడా చీకట్లోనే అయిపోయింది. నాన్న పాత ఆముదం దీపం వెతికి పెట్టాడట. గెడ్డ దాటే చోట 14లో 11 నిలబెట్టారని మావాళ్ళు చెప్పారు. మాస్టారు చెప్పినట్టు మా కుర్రాళ్ళు ఇటునుంచి చెట్లు తీస్తూ వెళ్ళారు, నైట్_డ్యూటీ అన్న అడిగినట్టు దారి తెలిసిన మా పెదనాన్నని గ్యాంగుతో పంపారు.

ఉద్దానం_కుర్రాడు
వచ్చింది. రాత్రి 8:40కి. అమ్మ ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు, ఫోను ఫ్యాను దగ్గర పెట్టి ఆ చప్పుడు వినిపించింది.

తీరం_రమణి
❤️

లైన్_క్లియర్
ముందు ఒక్క బల్బే వేశారా?

ఉద్దానం_కుర్రాడు
పావుగంట బల్బు, తర్వాతే ఫ్యాను గురువుగారూ, మీరు చెప్పినట్టే. కానీ నీళ్ళ ట్యాంకు బోరు మోటారు మూలుగుతోంది, తిరగట్లేదట. సగం ఇళ్ళకే కరెంటు ఉంది.

లైన్_క్లియర్
ఒక ఫేజు రాలేదు. మోటారు వెంటనే ఆపించండి, రెండు ఫేజుల మీద ఉంచితే కాయిలు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 కేవీ వైపు ఉండే హెచ్‌జీ ఫ్యూజు ఒకటి పోయి ఉంటుంది. మీ ఊళ్ళో ఎవరో ఒకడు కర్రతో నేను వేస్తా అంటాడు, ప్రతి ఊళ్ళో ఉంటాడు అలాంటివాడు. వాణ్ణి ఆపండి. పొద్దున లైన్‌మన్ వచ్చి ఐదు నిమిషాల్లో వేస్తాడు.

ఉద్దానం_కుర్రాడు
ఉన్నాడు, మా బాబాయే. అమ్మకి ఫోన్ చేసి ఆపించాను.

కొబ్బరాకు
అందరికీ వస్తోంది, మాకింకా రాలేదు. మా ట్రాన్స్‌ఫార్మర్ నంబరు నేనూ చూసి చెప్పాను, ఇంకో మూడు రోజులన్నారు. మూడు రోజులని చెప్పారు కాబట్టి ఇంట్లో కాస్త స్థిమితంగా ఉంది. తోటలో మా లైను మీద పెద్దచెట్లు పన్నెండు ఉన్నాయి, చేతిరంపంతో రోజుకి రెండు కూడా కావట్లేదు.

సోంపేట_మాస్టారు
మా ఊళ్ళో మరరంపం ఒకటి ఖాళీగా ఉంది. పెట్రోలు మీరు చూసుకుంటే రేపు పొద్దున ఆరింటికి ఐదుగురు కుర్రాళ్ళని పంపిస్తాను. తాడు కూడా తెస్తారు. ఏ ఊరో, ఏ దారి తెరిచి ఉందో నాకు విడిగా పంపండి.

కొబ్బరాకు
పంపాను మాస్టారూ. పెట్రోలు రెండు లీటర్లు ఉంది, ఇంకో మూడు బండిలోంచి తీస్తాను. లైను డెడ్‌లోనే ఉందో లేదో ఇప్పుడే సబ్‌స్టేషన్‌కి చేసి అడుగుతున్నా.